ఆమె పోసిన నేల

నేను ముప్పై ఏళ్లకు పైగా నేలకు బొక్కలు వేసి బతికాను. ఇది గొప్పగా చెప్పుకునే మాట కాదని నాకూ తెలుసు. మొదట మా నాయన దగ్గర వడ్రంగం నేర్చుకుని తలుపులు, ద్వారబంధాలు చేశాను. తర్వాత కొయ్యపని తగ్గిపోయి, ఇనుప ఫ్రేములకు బోర్డులు బిగించే గోడలు వచ్చాయి. ఆఫీసుల్లో, ఆస్పత్రుల్లో వేలితో తడితే డబడబమనే గోడలు అవే. వాటికి ఇటుక ఉండదు, పునాది ఉండదు. ముందు నేల మీద గీత కొట్టి, ఆ గీత వెంట ఒక ఇనుప చానల్ పరుస్తారు. కాంక్రీటులోకి బోల్టులు దించి దాన్ని బిగిస్తారు. ఆ చానల్లోనే నిలువు ఫ్రేములు నిలబడతాయి. గోడ ఎంత ఎత్తున ఉన్నా, రంగు ఎంత సోకుగా వేసినా, దాని ప్రాణం అడుగున కనపడకుండా ఉండే ఆ బోల్టుల్లో ఉంటుంది. వాటిని వేయడం నా పని.

మొన్న ఐటీఐలో చదివే పిల్లలు కొందరు ఇంటికి వచ్చి, నా సర్వీసులో మర్చిపోలేని పని ఏదని అడిగారు. ఒక పెద్ద ఆస్పత్రి పని గురించి చెప్పి, టీ ఇచ్చి పంపించాను. వాళ్లు గేటు దాటగానే నాకే సిగ్గేసింది. చెప్పాల్సింది అది కాదు. అందుకే ఆ పిల్లల కోసం ఇది రాస్తున్నాను. ఇందులో ఉన్నవాళ్లు ఇంకా ఈ చుట్టుపక్కలే తిరుగుతున్నారు కాబట్టి ఎవరి పేరూ పెట్టడం లేదు. వాళ్ల పేర్లు మర్యాద కోసం దాచాను, నా పేరు సిగ్గుకొద్దీ దాచుకున్నాను.

రాప్తాడు దగ్గర, హైవేకి కాస్త లోపలగా ఒక పాత శెనక్కాయల గోడౌను ఉండేది. ఏళ్లకేళ్లు వానలు మొహం చాటేసి, పంట తగ్గి, నింపడానికి కాయలు లేక అది మూతపడింది. దాన్ని ఎవరో తీసుకుని, ఆడపిల్లలకు కుట్టుపని, కంప్యూటరు నేర్పే చోటుగా మార్చాలనుకున్నారు. ఆ పెద్ద హాలును గదులుగా విడగొట్టే పని మా కాంట్రాక్టరుకు వచ్చింది. అలా నేనూ, నా దగ్గర పనిచేసే ఒకామే అక్కడికి వెళ్లాం.

ఆమెది శింగనమల పక్కన పల్లె. అప్పటికి మూడేళ్లుగా నాతో పనిచేస్తోంది. నాకంటే పదేళ్లు చిన్నది, నలభై దాటి ఉంటుంది. అంతకుముందంతా కాంక్రీటు తట్టలు మోసిన మనిషి. మెడ నొప్పులొచ్చి బరువు పని మానేసి మా దగ్గరికి వచ్చింది. డ్రిల్లు వేసినప్పుడు బొక్కలో సిమెంటు పిండి నిండుతుంది. దాన్ని చిన్న చేతిపంపుతో ఊది, సన్నని బ్రష్షు తిప్పి, మళ్లీ ఊదాలి. పిండి మిగిలిపోతే బోల్టు కాంక్రీటును పట్టుకోదు, పిండిని పట్టుకుంటుంది. ఆ శుభ్రం చేసే పని ఆమెది. చాలామంది ఒకసారి ఊది వదిలేస్తారు. ఆమె నాలుగుసార్లు ఊదేది, తర్వాత బోల్టు మొనతో బొక్క అంచు మీద టక్కుమని కొట్టి, ఆ సద్దు విని, అప్పుడు నాకు అందించేది.

చానల్‌కు అటుపక్క ఆమె, ఇటుపక్క నేను. ఇద్దరం గొంతుక్కూర్చుని, ఎదురెదురుగా, అడుగు అడుగు జరుగుతూ పోయేవాళ్లం. ఆమె మొహానికి తువ్వాలు చుట్టుకునేది, కళ్లు మాత్రమే కనపడేవి. డ్రిల్లు మోతలో మాటలు కుదరవు కాబట్టి మాకు కొన్ని సైగలు ఏర్పడ్డాయి. ఆమె కనుబొమ్మ ఎగరేస్తే ఇంకొంచెం లోతు కావాలని. నేను గడ్డం ఎత్తితే నీళ్లు తాగుదామని. మధ్యాహ్నం డ్రిల్లు ఆపగానే ఆ మోత అంతా ఒక్కసారి తెగిపోయి, గోడౌను రేకుల మీద గాలి వినపడేది. ఆమె సంగటి ముద్ద, శెనక్కాయల ఊరిబిండి పచ్చడి తెచ్చేది. మా ఇంటి నుంచి చపాతీలు వచ్చేవి. ఆమె నా డబ్బా మూత తీసి చూసి, "ఇవి తిని ఎట్ల బతుకుతాండావన్నా?" అని సగం ముద్ద విరిచి అందులో పెట్టేది. ఇప్పుడు రాస్తుంటే ఆ ఊరిబిండి కారం నాలుకకు తగులుతోంది.

ఆ గోడౌనుకు వెళ్లిన మొదటి రోజు ఆమె షట్టరు దగ్గరే ఆగిపోయింది. నేల మీద కాలితో రుద్ది చూసింది.

"ఈ నేల నేను పోసిందేన్నా," అంది.

"నువ్వా?"

"ఊఁ. కొత్తగా పెండ్లయినప్పుడు. మేం పన్నెండు మంది ఆడోళ్లం. ఆ పక్క నుంచి మొదలుపెట్టి ఈ పక్కకొచ్చినాం. ఇరవై ఏండ్లు దాటింది."

ఆ రోజంతా ఆమె నేలను చూస్తూ తిరిగింది. చిన్నప్పుడు చదివిన బడికి వెళ్లినవాళ్లు తిరిగినట్టు. ఎక్కడ తట్ట జారి పడిందో, ఎక్కడ ఒక పిల్లతల్లి పసిబిడ్డను గోనెపట్ట మీద పడుకోబెట్టిందో చూపించింది. నేను నవ్వుతూ విన్నాను. కాంక్రీటు పోసినవాళ్లకు ఆ కాంక్రీటు గుర్తుంటుందని నాకు అప్పటిదాకా తోచనే లేదు.

మూడో రోజు మేం పొడవాటి గోడకు గీత కొడుతున్నాం. తొమ్మిదడుగుల ఎత్తు గోడ. గోడౌను కప్పు చాలా పైన ఉండడంతో పైన పట్టు దొరకదు. అడ్డగోడలు వచ్చేదాకా దాని భారమంతా అడుగు బోల్టుల మీదే. మా ఇంజనీరు కుర్రవాడే కానీ మర్యాదస్తుడు. పక్కన నిలబడి డ్రాయింగు చూస్తున్నాడు. అప్పుడామె అంది.

"అన్నా, ఆ తూర్పు మూల జాగ్రత్త. ఆడ పల్చగా ఉండాది."

"ఎవరు చెప్పినారు?" అన్నాను.

"ఎవురో చెప్పేదేంది? నేనే మోసినా కదా. ఆ పొద్దు సిమెంటు అయిపాయ. పైన మబ్బు పట్టింది. అప్పటి మేస్త్రీ ఉన్నదాన్నే సాగదీసి పరిచి, పైన మాత్రం నున్నగా రుద్దేసినాడు. కింద ఉండేదంతా మన్నే."

ఇంజనీరు తలెత్తాడు. "డ్రాయింగులో మందం ఆరంగుళాలు ఉంది కదా మేస్త్రీ?"

ఇక్కడ నేను ఆగి ఉండాల్సింది. మూలన ఒక్క బొక్క వేసి చూద్దాం సార్ అంటే సరిపోయేది. అయిదు నిమిషాల పని. కానీ ఇంజనీరు ముందు నా పనిలో నాకు ఇంకొకరు, అందులోనూ నా కింద పనిచేసే మనిషి, జాగ్రత్త చెప్పడం నాకు గుచ్చుకుంది. "ఇరవై ఏళ్ల నాటి మాట సార్. ఆమె చెప్పిందని డ్రాయింగు మార్చుకుందామా?" అని నవ్వాను. ఇంజనీరు మొహమాటంగా నవ్వాడు. ఆమె నవ్వలేదు. తువ్వాలు ముక్కు మీదికి లాక్కుని పంపు చేతిలోకి తీసుకుంది.

తూర్పు మూలకు చేరేసరికి సాయంత్రమవుతోంది. డ్రిల్లు అంగుళం దిగాక చేతిలోంచి జారినట్టు ఒక్కసారిగా లోపలికి పోయింది. మీలో ఎవరైనా ఈ పని చేస్తే ఆ జారడం ఏమిటో తెలుస్తుంది. గట్టి మెట్టు ఉందనుకుని చీకట్లో అడుగు వేసినట్టు ఉంటుంది. డ్రిల్లు బిట్టు పైకి లాగాను. బూడిదరంగు పిండి వెనకే ఎర్రమట్టి వచ్చింది.

ఆమె కళ్లు ఆ మట్టి మీద ఉన్నాయి. తర్వాత నా మీదికి వచ్చాయి.

"అన్నా, ఎర్రగా వస్తాండాది."

"కనపడతాంది."

"సార్‌ను పిలుద్దామా?"

"పొద్దున్నే బోర్డోళ్లు వస్తాండారు. పైన బిర్రుగా పట్టుకుంటే చాలు. నువ్వు ఊదు."

"మట్టినా ఊదేది?"

"ఊదమంటే ఊదమ్మా. గమ్మునుండు."

ఆమె ఊదింది. ఎప్పటిలాగే నాలుగుసార్లు ఊదింది. ఎంత ఊదినా ఎర్రగానే వచ్చింది. బోల్టు మొనతో అంచు మీద కొట్టకుండానే నాకు అందించింది. నేను దించి, పానాతో బిగించాను. గట్టి కాంక్రీటులో రెండు మూడు చుట్లకు బోల్టు మొరాయిస్తుంది. ఇది తిరుగుతూనే పోయింది, తిరిగి తిరిగి ఎప్పటికో కొంచెం బిగిసింది. చేతికి అన్నీ తెలుస్తాయి. చెయ్యి చెప్పింది వినకుండా నేను ఆ మూలలో తొమ్మిది బోల్టులు అలాగే బిగించాను. లేచి, చానల్‌ను బూటుతో తన్ని చూశాను. కదల్లేదు. "చూడు, ఎట్ల నిలబడిందో," అన్నాను. ఆమె సామాన్లు సంచిలో వేసుకుంటూ ఉండిపోయింది.

తర్వాత నాలుగు రోజులు మామూలుగానే గడిచాయి. ఫ్రేము నిలబడింది, ఒక పక్క బోర్డులు ఎక్కాయి. రసమట్టం పెట్టి చూస్తే గోడ సూది నిలబెట్టినట్టు ఉంది. ఒకటే మారింది. మధ్యాహ్నం తినేటప్పుడు మేం షట్టరు పక్కన గాలికి కూర్చునేవాళ్లం. ఇప్పుడామె అక్కడికి రావడం మానేసి, ఎండ తగిలే చోట, ఆ గోడకు ఎదురుగా కూర్చోవడం మొదలుపెట్టింది. ఎందుకని నేను అడగలేదు. నాకు తెలుసు కాబట్టే అడగలేదు.

అయిదో రోజు మధ్యాహ్నం. ఎండాకాలం చివర. బోర్డుల లోడు దించడానికి అటూ ఇటూ షట్టర్లు రెండూ ఎత్తి పెట్టారు. మా సీమలో వానకు ముందు వచ్చే గాలి మీకు తెలిసిందే. చుక్క పడుతుందో లేదో కానీ గాలి మాత్రం ఊరంతా లేపుకుని వస్తుంది. ఒక పక్క షట్టరులోంచి దూరి, రెండో పక్కకు పోవాలని చూసింది. మధ్యలో ఆ గోడ తెరచాపలా అడ్డం నిలబడి ఉంది. ఇద్దరు బోర్డువాళ్లు దాని కింద కూర్చుని బోర్డు కోస్తున్నారు.

నేను అవతల అడ్డగోడకు గీత కొడుతూ వంగి ఉన్నాను. నాకు మొదట వినపడింది ఆమె గొంతు.

"లెయ్యండప్పా! లెయ్యండి! గోడ వస్తాండాది!"

తలెత్తేసరికి తూర్పు మూలలో చానల్ నేల నుంచి పైకి లేస్తోంది. బోల్టులు ఒక్కొక్కటే, కుట్లు ఊడినట్టు ఊడుతున్నాయి. బోర్డువాళ్లలో ఒకడు బయటికి దూకాడు. ఆమె రెండోవాణ్ని చొక్కా పట్టి లాగుతూనే ఉంది. గోడ వాలి పక్కనున్న బోర్డుల దొంతర మీద పడి ఆగింది. ఆ దొంతరకూ ఫ్రేముకూ మధ్య ఆమె కుడి మణికట్టు ఇరుక్కుంది.

నలుగురం కలిసి ఎత్తి చెయ్యి తీశాం. ఆమె ఆ చేతిని ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. మొహం మాత్రం సున్నం కొట్టినట్టు అయింది. ఇంజనీరు పరుగున వచ్చాడు. ముందు ఆటో పిలిపించాడు. తర్వాత ఊడిన బోల్టు ఒకటి చేతిలోకి తీసుకున్నాడు. దానికి మట్టీ పిండీ అంటి ఉన్నాయి.

"ఇదంతా దుమ్ము. క్లీన్ చేయకుండా బోల్టు వేశారు. హోల్స్ ఊదేది ఎవరు?"

అందరూ ఆమె వైపు చూశారు. ఆమె నా వైపు చూసింది.

ఆ చూపులో నన్ను నిలదీసేది ఏమీ లేదు. ఊరికే, మేస్త్రీ ఏదైనా చెబుతాడేమోనని చూసినట్టు చూసింది. నోరు తెరవాల్సింది నేను. గొంతులో మాట ఉంది. ముప్పై ఏళ్లలో ఒక్కసారి కూడా తిరిగి వచ్చి సరిచేయాల్సిన పని చేయలేదని నాకు పేరు. ఆ పేరు నా నాలుక మీద కూర్చుంది. నాలుగైదు ఊపిర్లు గడిచి ఉంటాయి.

"నేనే సారూ," అంది ఆమె. "ఊదేది నేనే."

ఎర్రమట్టి సంగతి చెప్పలేదు, తూర్పు మూల గురించి తను ముందే చెప్పిన మాట కూడా ఇంజనీరుకు గుర్తుచేయలేదు. ఆటో వచ్చింది. బోర్డువాళ్లలో ఒకడు ఆమెను పట్టుకుని ఎక్కించి, తనూ ఎక్కి అనంతపురం ఆస్పత్రికి తీసుకెళ్లాడు.

ఆటో హైవే ఎక్కేదాకా చూసి, అప్పుడు ఇంజనీరు దగ్గరికి వెళ్లాను. అన్నీ చెప్పాను. ఆమె ముందే చెప్పింది, నేను నవ్వాను, మట్టి వచ్చింది, చూశాను, చూసి కూడా బిగించాను. ఆ కుర్రవాడు చేతిలో ఉన్న బోల్టును కింద పెట్టాడు. తర్వాత, "ఆమె ఉన్నప్పుడే చెప్పాల్సింది మేస్త్రీ," అన్నాడు. నా కొడుకు వయసువాడు. తిట్టి ఉంటే బాగుండేది.

తూర్పు మూలను కోసి చూశాం. కాంక్రీటు రెండు వేళ్ల మందం కూడా లేదు. కింద ఎర్రమట్టి, అక్కడక్కడా శెనక్కాయల పొట్టు. జానెడు లోతుకు పైగా తవ్వి, కొత్తగా పోసి, ఆరనిచ్చి, గోడ మళ్లీ నిలబెట్టాం. అన్ని బొక్కలూ నేనే ఊదాను. నన్ను పనిలోంచి తీసేయలేదు. ఆమె వైద్యమంతా కాంట్రాక్టరు చూసుకున్నాడు. ఆ రోజు ఆమె అరవకపోతే ఇద్దరి ప్రాణాలు పోయేవని అందరికీ తెలుసు.

వారం తర్వాత వాళ్ల పల్లెకు వెళ్లాను. ఆమె మొగుడు మంచం వాల్చి, నీళ్లిచ్చాడు. ఆమె చేతికి సిమెంటు కట్టు వేసుకుని గడపలో కూర్చుంది.

"నేను ఇంజనీరుకు చెప్పినానమ్మా. తప్పు నాదేనని చెప్పినా," అన్నాను.

ఆమె మొహం ఒక్కక్షణం వెలిగింది. "చెప్పినావా? ఎప్పుడు?"

"నువ్వు ఆటో ఎక్కినాంక."

"ఓ," అంది. "నేను పోయినాంక."

అంతే. తర్వాత మా ఇంట్లోవాళ్లు ఎలా ఉన్నారని అడిగింది. మజ్జిగ తాగి పొమ్మంది.

కట్టు విప్పారని తెలిసి మళ్లీ వెళ్లాను. పనికి రమ్మన్నాను. చెయ్యి పట్టు రాలేదంది. ఆర్నెల్ల తర్వాత మూడోసారి వెళ్లాను. అప్పటికి ఆ చేత్తోనే చేనులో కలుపు తీస్తోంది. గట్టు మీద నిలబడి, "ఊదడానికి ఏమంత పట్టు కావాలి, రామ్మా. నాకు ఎవరితోనూ కుదరడం లేదు," అన్నాను.

ఆమె కొడవలి కింద పెట్టి గట్టు దగ్గరికి వచ్చింది.

"నాకు కోపం లేదన్నా. దేవునిమీద ఒట్టు, లేదు. కానీ నీ ఎదురుగా కూచుంటే, ప్రతి బొక్కకీ నీ మొగం చూడాల్సి వస్తాది. నువ్వు చూసినావా, చూసి ఊరకున్నావా అని. అట్ల చూసుకుంటా పని చేసేది నా చేత కాదు. ముందు అట్ల లేదు కదా మనకు."

లేదు. ముందు అలా లేదు.

ఆ తర్వాత ఏడెనిమిదేళ్లు పనిచేశాను. నాతో మంచి పనివాళ్లే వచ్చారు. పంపు బదులు మిషన్లు వచ్చాయి, పిండి దానంతట అదే పీల్చేస్తాయి. ఎవరి పనికీ వంక పెట్టలేను. కానీ బిట్టు పైకి లాగిన ప్రతిసారీ, ఎదురుగా తువ్వాలు పైన రెండు కళ్లు ఉంటాయేమోనని తలెత్తేవాణ్ని. ఎవరో ఒకరు ఫోను చూసుకుంటూ ఉండేవారు. తప్పు వాళ్లది కాదు. ఇద్దరు మనుషులు ఒక్క మాటా లేకుండా రోజంతా మాట్లాడుకోగలరని వాళ్లకు తెలియదు, అంతే. మీకు నేను నేర్పగలిగింది పెద్దగా లేదు. బోల్టు ఎలా వేయాలో పెట్టె మీదే రాసి ఉంటుంది. మీ ఎదురుగా కూర్చుని మీ పనిని మీకంటే శ్రద్ధగా చూసే మనిషి దొరికితే మాత్రం, అది రోజూ దొరికేది కాదని గుర్తుపెట్టుకోండి. నేను రోజూ దొరుకుతుందనుకున్నాను.

పని మానేశాక ఒకసారి ఆమెను చూశాను. పోయినేడు, అనంతపురం బస్టాండులో. జుట్టు సగం నెరిసింది. ఆమే ముందు గుర్తుపట్టి పలకరించింది.

"ఏమన్నా, డ్రిల్లు వదిలేసినావంట?"

"వదిలేసినా. చెవులు సగం పోయినాయి. కొంచెం గట్టిగా మాట్లాడల్ల."

ఆమె నవ్వింది. కలిసి పనిచేసిన మూడేళ్లలో తువ్వాలు లేకుండా ఆమె నవ్వడం ఎన్నిసార్లు చూశానో వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. మణికట్టు తిప్పి చూపించింది. కొంచెం వంకరగా ఉంది, వానకు ముందు నొస్తుందంది. "వాన యాడ వస్తాది గానీ, నొప్పి మాత్రం వస్తాది," అంది. ఇద్దరం నవ్వుకున్నాం. ఆమె చిన్న కూతురు ఆ రాప్తాడు కేంద్రంలోనే కుట్టుపని నేర్చుకుంటోందట. "గోడ గట్టిగానే ఉండాది లే," అని నా వైపు చూసి అంది.

నేను చెప్పాల్సిన మాట ఒకటి ఉంది. ఆ రోజు ఆ నాలుగైదు ఊపిర్లలో చెప్పాల్సినది. ఎలా మొదలుపెట్టాలా అని చూస్తుండగానే శింగనమల బస్సు వచ్చేసింది. జనం తోసుకున్నారు. ఆమె సంచి పైకెత్తుకుని ఎక్కి, కిటికీ పక్క సీటు పట్టుకుంది. నేను ఆ కిటికీ కిందికి వచ్చి నిలబడ్డాను. బస్సు కదులుతుంటే ఆమె తల బయటికి పెట్టి ఏదో అంది. పెదవులు కదలడం కనపడింది. ఇంజను మోతలో నాకు ఒక్క ముక్కా వినపడలేదు. ఏమన్నావని అడిగే వ్యవధి లేదు. ఊరికే నిలబడలేక, సరేనన్నట్టు తల ఊపాను.

ఆమె మొహం తేలికపడింది. తనూ తల ఊపి, లోపలికి సర్దుకుంది.

పక్కన నిలబడినాయనను అడిగాను, "ఆమె ఏమనింది అప్పా?" అని.

"నేను వినలేదన్నా," అన్నాడు.

ఏ మాటకు ఒప్పుకున్నానో ఇప్పటికీ నాకు తెలియదు. అది ఏదైనా సరే, ఒప్పుకున్నాను.